గడియారానికి మూడు నిమిషాలు, నలుగురికి ఒకే గది

పేరూ ఊరూ రాయవద్దని కోరుతూ గోదావరి ఒడ్డున ఉన్న ఒక పట్టణం నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం పంపారు. ఆమె వయసు 61. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశారు. భర్తకు 67. విద్యుత్తు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. వారికి ఒక్కతే కూతురు. పెళ్ళయి రెండేళ్ళయింది, భర్తతో జర్మనీలోని మ్యూనిక్‌లో ఉంటోంది. వచ్చే జూన్‌లో వీరిద్దరూ మొదటిసారి విమానం ఎక్కి కూతురి దగ్గరికి వెళ్తున్నారు. అక్కడికి చేరిన వారానికి నలుగురూ కలిసి చెక్ దేశ రాజధాని ప్రాగ్‌కు వెళ్ళి, ఐదు రాత్రులు ఉండి రావాలని కూతురు, అల్లుడు ఏర్పాటు చేశారు.

చిక్కంతా బసతోనే వచ్చింది. నగరం నడిబొడ్డున, ఆరు వందల ఏళ్ళనాటి గడియారానికి మూడు నిమిషాల నడక దూరంలో ఒక చిన్న స్టూడియో హోటల్లో గది దొరికిందని కూతురు వీడియో కాల్‌లో సంబరంగా చెప్పింది. “మీ అల్లుడు వెతికి వెతికి పట్టుకున్నారమ్మా, వంటిల్లు కూడా ఉంది, నాన్నకు అన్నం వండుకోవచ్చు” అంది. తర్వాత ఫొటో పంపింది. ఫొటోలో ఒక మంచం ఉంది. లాగితే మంచమయ్యే సోఫా ఉంది. సోఫా ఎదురుగా గోడకు ఆనించి రెండు పొయ్యిల బల్ల, సింకు ఉన్నాయి. గదిలో కనబడిన ఒకే ఒక తలుపు బాత్రూముది. కింద 28 చదరపు మీటర్లు, నలుగురికి అని రాసి ఉంది.

ఆమె ఇలా రాశారు: “అల్లుడు పడుకున్న గదిలో నేను ఎలా పడుకోను? పొద్దున్నే లేచి చీర ఎక్కడ సర్దుకోను? మావారికి షుగరు, రాత్రి మూడుసార్లు లేస్తారు. గురక సంగతి చెప్పనక్కరలేదు. నాకు మోకాళ్ళ నొప్పులు. ఈ మాట ఆయనతో అంటే, పెళ్ళిళ్ళలో ఇరవై మందిమి ఒకే హాల్లో చాపలు పరుచుకుని పడుకోలేదా, ఐదు రాత్రులకు ఇంత రాద్ధాంతమా, పిల్లలు మనకోసం ఖర్చు పెడుతుంటే నోరు మెదపకుండా రా అన్నారు. అమ్మాయితో అనడానికి నోరు రావడం లేదు. మ్యూనిక్ వెళ్ళాక మోకాలు పట్టేసిందని చెప్పి ఇంట్లోనే ఉండిపోదామా అనుకుంటున్నాను. నాది చాదస్తమేనా? దీన్ని ఎలా చెప్పాలి? చివరగా ఒక చిన్న సందేహం, కుక్కర్ తీసుకెళ్ళనా?”

*

అమ్మా,

ముందుగా మీ మొదటి ప్రశ్న తీసుకుంటాను. మీది చాదస్తం కాదు. నిద్ర అనేది మనిషి తనను తాను పట్టించుకోని సమయం. కొంగు ఎక్కడ ఉందో, నోరు తెరుచుకుందో లేదో, ఎటు తిరిగామో మనకు తెలియదు. ఆ స్థితిలో ఎవరి ఎదుట ఉండగలం, ఎవరి ఎదుట ఉండలేం అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయం. అల్లుడు మంచివాడు కాకపోవడం వల్ల మీకీ ఇబ్బంది రాలేదు. మంచివాడు కాబట్టే, మీరు గౌరవంగా చూసుకునే మనిషి కాబట్టే వచ్చింది. ఇంకో మాట. ఆ అబ్బాయి కూడా బహుశా ఇదే ఇబ్బంది పడుతుంటాడు. అత్తమామలు నాలుగు అడుగుల దూరంలో పడుకున్న గదిలో లుంగీ కట్టుకుని తిరగడానికి, భార్యతో రెండు మాటలు మాట్లాడుకోవడానికి అతను ఎంత సంకోచిస్తాడో ఊహించండి. ఇద్దరూ మాట్లాడకపోతే ఇద్దరూ ఐదు రాత్రులు బిగుసుకుపోయి పడుకుంటారు.

మీవారు పెళ్ళిళ్ళ మాట తెచ్చారు. ఆ పోలిక సరిపోదని వారికి నెమ్మదిగా గుర్తు చేయండి. ఆ పెళ్ళిళ్ళలో మగవాళ్ళు అరుగు మీదో డాబా మీదో పడుకునేవారు, ఆడవాళ్ళూ పిల్లలూ లోపల. ఎవరు ఎక్కడ అన్నది అడగకుండానే సర్దుకునేది. ముఖ్యంగా, ఇంట్లో ఒక్కటే గది ఉన్నా అది కొత్త అల్లుడికే ఇచ్చేవారు. ఇల్లు ఎంత ఇరుకైనా ఒక తలుపు మాత్రం అతని కోసం మిగిల్చేవారు. మన పెద్దలకు తెలిసిన ఆ సంగతినే మీరు ఇప్పుడు అడుగుతున్నారు.

ఇక ఈ స్టూడియో అంటే ఏమిటో కాస్త వివరంగా చెబుతాను. నాలుగేళ్ళ క్రితం మా చెల్లెలూ నేనూ అదే ఊళ్ళో అలాంటి గదిలోనే నాలుగు రాత్రులు ఉన్నాం. స్టూడియో అంటే పడకా, కూర్చునే చోటూ, వంటా అన్నీ ఒకే గదిలో ఉండే చిన్న నివాసం. హోటల్ అని పేరున్నా చాలాచోట్ల రిసెప్షన్‌లో మనిషి ఉండడు. ఫోనుకు ఒక అంకెల కోడ్ వస్తుంది, దానితో వీధి తలుపు తెరవాలి. మరో కోడ్‌తో గది తలుపు తెరవాలి. చెక్ వాళ్ళు ఇళ్ళను లెక్కపెట్టే పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ఒక గది, అందులోనే వంట మూల ఉంటే 1+కేకే అంటారు. ఒక గదిలో వంట మూల ఉండి, తలుపున్న మరో గది వేరుగా ఉంటే 2+కేకే. మీ అమ్మాయి తీసుకున్నది మొదటి రకం. 28 చదరపు మీటర్లంటే మన లెక్కలో సుమారు 300 చదరపు అడుగులు, బాత్రూముతో కలిపి. ఫొటోలు గదిని ఎప్పుడూ పెద్దదిగా చూపిస్తాయి. అందుకే బస ఎంచుకునేటప్పుడు బొమ్మను పక్కనపెట్టి చదరపు మీటర్లు చూడమంటాను.

మా గది అంతకంటే చిన్నది. మొదటి రాత్రి చెల్లెలు సోఫాను లాగి మంచం చేసింది. చేసిన తర్వాత చూస్తే దాని అంచుకూ వంట బల్లకూ మధ్య ఒక జానెడు సందు మిగిలింది. రాత్రి నేను బాత్రూముకు లేచి, లైటు వేస్తే దానికి మెలకువ వస్తుందని చీకట్లో ఆ సందులో పక్కవాటుగా నడిచాను. సోఫా ఇనుప కాలు నా ముంగాలికి తగిలింది. నా కేక విని చెల్లెలు లేచింది. మేం ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే మంచం మీద పెరిగినవాళ్ళం కాబట్టి నవ్వుకున్నాం. అదే దారిలో మీవారు రాత్రికి మూడుసార్లు నడవాలి. పక్కన అల్లుడు పడుకుని ఉంటాడు. లైటు వేయాలా వద్దా అని ఆయన ప్రతిసారీ తటపటాయిస్తారు. షుగరు ఉన్న 67 ఏళ్ళ మనిషి చీకట్లో తడుముకుంటూ నడవడం, మొహమాటం కంటే పెద్ద విషయం. మీ ఉత్తరంలో మీ సిగ్గు గురించి రెండు పేజీలు ఉంది, ఈ సంగతి ఒక్క వాక్యంలో ఉంది. నేనైతే దీన్నే ముందు పెడతాను.

మీ అమ్మాయి వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. అక్కడ చదువుకునే రోజుల నుంచి స్నేహితులతో నలుగురూ ఐదుగురూ కలిసి ఒక గది తీసుకుని ఊళ్ళు తిరగడం పిల్లలకు అలవాటు. ఒక గది అంటే వారికి వీపుసంచీలు పడేసే చోటు. దానికి తోడు మీ గురించి ఆమె మనసులో ఒక బొమ్మ ఉంది: అమ్మ బయటి తిండి తినదు, నాన్నకు అన్నం కావాలి, అమ్మ ఎక్కువ నడవలేదు, వృథా ఖర్చంటే ఇద్దరికీ కష్టం. ఈ నాలుగూ నిజమే. వాటికి సరిపడే గదిని ఆ పిల్ల నిజాయితీగా వెతికింది. ఐదోది మాత్రం మీరెప్పుడూ చెప్పలేదు, ఆమెకు తెలియలేదు. కాబట్టి మనకు విలువ ఇవ్వలేదే అన్న అనుమానం ఎక్కడైనా ఉంటే (మూడో పేజీలో దాని నీడ నాకు కనబడింది) దాన్ని తీసేయండి.

మోకాలు పట్టేసిందని చెప్పే ఆలోచన మాత్రం మానుకోండి, అమ్మా. నొప్పి అంటే మీ అమ్మాయి ఊరుకోదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. లేదా ప్రయాణమే రద్దు చేసి, పెట్టిన సెలవు ఇంట్లో కూర్చుని గడుపుతుంది. మీరు లేకుండా మీవారు వెళ్ళరు. చివరి నిమిషంలో రద్దు చేస్తే డబ్బు తిరిగి వచ్చే అవకాశమూ తక్కువ. పైగా మీకు నిజంగానే మోకాళ్ళ నొప్పులున్నాయి. రేపు ఏ మెట్ల దగ్గరో నిజంగా బాధపడితే అప్పుడేమని చెబుతారు?

అయితే ఏం చేయవచ్చు? దారులు చాలానే ఉన్నాయి. ఒక్కోదానిలో ఒక సుఖం, ఒక నష్టం ఉంది. వీటిని మీ మనసులో బేరీజు వేసుకుని తర్వాత అమ్మాయితో మాట్లాడండి.

అన్నిటికంటే తేలికైనది అదే భవనంలో ఇద్దరికి సరిపోయే మరో చిన్న స్టూడియో తీసుకోవడం. ఇలాంటి చోట్ల ఒకే మెట్ల దారిలో పది పన్నెండు గదులుండడం మామూలే. పగలంతా నలుగురూ కలిసి తిరుగుతారు, ఒక గదిలో కలిసి తింటారు, రాత్రికి ఎవరి తలుపు వారు వేసుకుంటారు. రెండు బాత్రూములు దొరుకుతాయి, ఇది చిన్న విషయం కాదు. ఒకే బాత్రూములో నలుగురు స్నానాలు చేసి బయలుదేరేసరికి పొద్దు సగం గడిచిపోతుంది, గీజరు చిన్నదైతే చివరివారికి చన్నీళ్ళే. నష్టం ఖర్చు, దాదాపు రెట్టింపు. అక్కడ పర్యాటకుల మీద నగరం వేసే రుసుము తలకు ఇంత చొప్పున రాత్రికి వేరే ఉంటుంది గానీ, అది ఎన్ని గదులైనా మనుషుల లెక్కే. మీరిద్దరూ రాత్రి పిల్లలకు వేరుగా ఉంటారు కాబట్టి వీధి తలుపు కోడ్, గది కోడ్ పెద్ద అంకెలతో కాగితం మీద రాసి మీవారి జేబులో పెట్టండి. ఫోనులోనే ఉంచితే ఛార్జింగు అయిపోయిన రోజున వీధిలో నిలబడాలి.

రెండో దారి, గడియారాన్ని కాస్త దూరం చేసుకుని తలుపున్న ఇల్లు తీసుకోవడం, అంటే 2+కేకే. వినోహ్రాడి అనే పేట ఉంది. చెట్లున్న వీధులు, పాతకాలపు అందమైన మేడలు, ఊరివాళ్ళే ఎక్కువగా ఉండే చోటు. అక్కడి ‘నామ్యెస్తీ మీరు’ అనే కూడలి నుంచి 22 నంబరు ట్రాము ఎక్కితే వల్తావా నది దాటి నేరుగా ప్రాగ్ కోట దగ్గరి ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపు వరకు వెళ్తుంది. మీ మోకాళ్ళకు ఇది గొప్ప వరం. పాత ఊళ్ళో బస చేసిన చాలామంది చార్లెస్ వంతెన దాటి, అటువైపు నిటారుగా ఉండే మెట్లెక్కి కోటకు వెళ్తారు. ట్రాములో వెళ్తే ఆ మెట్లు తప్పుతాయి. పట్టాల పనులున్నప్పుడు దారి మారుతుంటుంది కాబట్టి ఆ రోజు ఒకసారి చూసుకోవాలి. టికెట్టు కొన్న తర్వాత దాన్ని పసుపుపచ్చ యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరచిపోవద్దని కూడా అల్లుడుగారికి చెప్పండి. ముద్ర లేని టికెట్టుకు జరిమానా వేస్తారు.

దీనిలోనూ లోటుంది. నడిబొడ్డున బస ఉండడంలోని అసలు లాభం గడియారం దగ్గరగా ఉండడం కాదు, మధ్యాహ్నం ఇంటికి వచ్చి గంటసేపు నడుం వాల్చగలగడం. మీ వయసువారికి ఆ గంట చాలా అవసరం. దూరంగా ఉంటే ఆ గంట కోసం ట్రాము ఎక్కి రావాలి. చాలామంది బద్ధకించి రారు, సాయంత్రానికి కాళ్ళు పట్టేస్తాయి. మరోటి, తలుపున్న ఆ ఒక్క గది ఎవరికి? మీకిస్తే పిల్లలు హాల్లో సోఫా మీద, మీవారు రాత్రి బాత్రూముకు ఆ హాలు గుండానే వెళ్ళాల్సి వస్తుంది. పడకగదికీ బాత్రూముకూ మధ్య దారి ఎటు ఉందో ఇంటి పటం చూసి తేల్చుకోవాలి. చాలా ఇళ్ళకు పటం పెడతారు, లేకపోతే అడిగితే పంపుతారు.

మీ ఇద్దరికీ పిల్లల స్టూడియోకు దగ్గర్లోనే మామూలు హోటల్ తీసుకోవడం ఇంకో మార్గం. కింద మనిషి ఉంటాడు, లిఫ్టు ఉందో లేదో ముందే తెలుస్తుంది, పొద్దున టిఫిన్ పెడతారు, గది రోజూ శుభ్రం చేస్తారు. స్టూడియోల్లో రోజూ ఊడవరు. శాకాహారులకు ఆ టిఫిన్ అంటే రొట్టె, వెన్న, పండ్లు, పెరుగు. పిల్లల స్టూడియోలోని పొయ్యి సాయంత్రం అన్నానికి ఎలాగూ ఉంది. మీవారికి రాత్రివేళ ఏదైనా అయితే ఫోను చేయడానికి కింద ఒక మనిషి ఉండడం పిల్లలకు కూడా ధైర్యం.

ఇవేవీ కుదరకపోతే, అదే గదిలో ఐదు రాత్రులు కాకుండా రెండు మూడు రాత్రులు ఉండి రావచ్చు. మ్యూనిక్ నుంచి ప్రాగ్‌కు రైల్లోనైనా బస్సులోనైనా ఐదారు గంటలు. అప్పుడు మంచం మీ ఇద్దరిదే కావాలి, సోఫా పిల్లలది. మీరు త్యాగం చేసి సోఫా మీద పడుకుంటానని అనకండి, అది నడుముకు పనికిరాదు. బాత్రూములో చిన్న లైటు వేసి తలుపు ఓరగా ఉంచండి. రాత్రి పడుకోవడానికి చీర బదులు పూర్తి చేతుల సల్వారు కమీజు రెండు జతలు కుట్టించుకోండి, పొద్దున సర్దుకోవాల్సిన బెంగ సగం తగ్గుతుంది. రెండు రాత్రులు ఎలాగోలా గడుస్తాయి. ఐదు రాత్రులు నిద్ర లేకపోతే ఎంత అందమైన ఊరైనా తలనొప్పిగానే గుర్తుంటుంది.

చివరి దారి కూడా చెబుతాను. మీకు నిజంగా వెళ్ళాలని లేకపోతే, “మీరిద్దరూ వెళ్ళి రండి, మేం మ్యూనిక్‌లో మీ ఇంట్లో హాయిగా ఉంటాం” అని ముందుగానే, అబద్ధం లేకుండా చెప్పవచ్చు. పెళ్ళయి రెండేళ్ళయిన పిల్లలకు అది మంచి కానుకే. కానీ మీ ఉత్తరంలో ఆ గడియారం గురించి మీరు రాసిన తీరు చూస్తే, మీకు వెళ్ళాలని ఉంది. 1410లో తయారైన యంత్రం ఇప్పటికీ సూర్యుడు, చంద్రుడు ఏ రాశిలో ఉన్నారో చూపిస్తుందని పిల్లలకు పాఠం చెప్పినట్టు రాశారు. ఉదయం 9 నుంచి రాత్రి 11 వరకు గంట గంటకూ పైన కిటికీలు తెరుచుకుని పన్నెండు మంది అపొస్తలుల బొమ్మలు వరుసగా కనబడి వెళ్తాయి. పక్కనే ఉన్న అస్థిపంజరం బొమ్మ గంట తాడు లాగుతుంది. ఆ గడియారమున్న పాత పురభవనం గోపురం పైకి లిఫ్టు ఉంది, మీ మోకాళ్ళు అడ్డు కావు. అక్కడి నుంచి ఎర్ర పెంకుల కప్పులు, నది, అవతలి కోట అన్నీ ఒక్క చూపులో కనబడతాయి. మీరు అది చూడకుండా ఉండిపోకూడదని నా కోరిక.

నన్నడిగితే మొదటి దారికే మొగ్గుతాను, అదీ ఆ భవనంలో వీధి వైపు కాకుండా లోపలి ముంగిలి వైపు గది దొరికితే. జూన్‌లో అక్కడ తొమ్మిది దాటాక గానీ పొద్దు పోదు, మళ్ళీ ఐదింటికే తెల్లవారుతుంది. చాలా పాత భవనాల్లో ఏసీ ఉండదు, కిటికీ తెరవాల్సిందే. వీధి వైపు కిటికీ తెరిస్తే అర్ధరాత్రి దాటినా తాగి పాడేవాళ్ళ గోల వినాలి. ఆ గోల ఎంత ముదిరిందంటే, గుంపులను వెంటబెట్టుకుని రాత్రిపూట బారు నుంచి బారుకు తిప్పే యాత్రలను 2024లో నగరపాలక సంస్థ నిషేధించింది. ముంగిలి వైపు గది ఇవ్వమని అడిగితే చాలాసార్లు ఇస్తారు, అడగాలి అంతే. లిఫ్టు సంగతి కూడా అడిగించండి. మేమున్న భవనంలో లిఫ్టు ఉందని చెప్పారు, ఉంది కూడా. కానీ వీధి నుంచి సగం అంతస్తు మెట్లెక్కితే గానీ అది అందలేదు. “లిఫ్టు ఉందా” అని అడిగితే చాలదు, “వీధి నుంచి గది దాకా ఎన్ని మెట్లు” అని అడగాలి. వీధుల్లో పరిచినవి కూడా చిన్న చిన్న రాళ్ళే. చక్రాల పెట్టె వాటి మీద మొరాయిస్తుంది. మెత్తని అడుగున్న బూట్లు ఇక్కడే కొని నెల ముందు నుంచి తొడిగి నడవండి.

ఇప్పుడు అసలు కష్టమైన పని, చెప్పడం. దానికి ముందు మరో ఇద్దరి సంగతి ఉంది. మీవారు రాత్రి లేస్తారన్నది ఆయన సొంత విషయం. అమ్మాయితో చెప్పే ముందు ఆయనను అడగండి. మీరు తెలియకుండా చెప్పేస్తే, ఆయన అది అల్లుడి చెవిన పడిందని చిన్నబుచ్చుకుంటారు. ముందే అడిగితే బహుశా ఆయనే ఒప్పుకుంటారు, ఆ గదిలో అందరికంటే ఎక్కువ కష్టపడేది తానేనని ఆయనకూ లోపల తెలుసు. ఇక అల్లుడుగారు. ఈ మాట వీడియో కాల్‌లో, ఆయన పక్కన కూర్చుని ఉండగా చెప్పకండి. తాను కష్టపడి ఎంచిన గదిని తప్పుపట్టినట్టు ఆయనకు అనిపిస్తుంది. అమ్మాయి ఒంటరిగా ఉన్న వేళ చూసి మామూలు ఫోను చేయండి. ముఖాలు కనబడకపోతే ఇలాంటివి చెప్పడం సులువు.

గది మార్చుకోవడానికి, రద్దు చేసుకోవడానికి గడువు ఎప్పటి వరకు ఉందో మొదట కనుక్కోమనండి. గడువు దాటితే ఈ దారులన్నీ ఖరీదైపోతాయి. కాబట్టి ఈ వారమే మాట్లాడండి. ఇలా మొదలుపెట్టవచ్చు: “అమ్మలూ, మీరిద్దరూ మాకోసం ఇంత వెతికారు, నాకెంతో సంతోషంగా ఉంది. ఆ గడియారం చూడాలని నాకూ ఉంది. కానీ అల్లుడుగారు ఉన్న గదిలో నాకు నిద్ర పట్టదు. నాన్నగారు రాత్రి మూడుసార్లు లేస్తారు, ఇరుకు గదిలో ఎక్కడ పడిపోతారోనని భయంగా ఉంది. మా ఇద్దరికీ తలుపున్న గది ఒకటి చూడు. చిన్నదైనా పరవాలేదు.” పెద్ద గది కావాలని అడగకండి, అడిగితే 28 చదరపు మీటర్లకు బదులు 40 చదరపు మీటర్ల ఒంటి గది వెతుకుతుంది. మీక్కావలసింది తలుపు, ఆ మాటే వాడండి.

డబ్బు మేమిస్తామన్న మాట అదే ఫోనులో అనకండి. అంటే సంభాషణ అటు మళ్ళుతుంది, “మీరివ్వడమేమిటమ్మా” అంటూ అరగంట గడిచి తలుపు విషయం మరుగునపడుతుంది. ఆమె గది చూసి చెప్పాక, రెండో రోజున మీవారు ఆ మొత్తం అమ్మాయి ఖాతాలో వేయాలనుకుంటే వేయవచ్చు. తండ్రి ఇస్తే కూతురు తీసుకుంటుంది, వాదన తక్కువ. “ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు” అని ఆమె నొచ్చుకోవచ్చు. అప్పుడు సంజాయిషీలు చెప్పకండి, “నువ్వంత సంతోషంగా ఉంటే నోరు రాలేదమ్మా” అనండి. అది నిజం కూడా.

బాత్రూము గురించి రెండు మాటలు, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. అక్కడ స్నానాల గదిలో నీళ్ళు పోయే దారి షవరు లోపలే ఉంటుంది, బయట నేలకు తూము ఉండదు. మనలా చెంబుతో నేలంతా తడిపితే నీళ్ళు కింది ఇంటివారి పైకప్పులోకి దిగుతాయి. మరుగుదొడ్డి దగ్గర నీటి పంపు లేని చోట్లే ఎక్కువ. ఒక తేలికపాటి ప్లాస్టిక్ చెంబు పెట్టెలో పెట్టుకోండి. మీవారితో ఇది ముందే చెప్పడం మంచిది.

వంట సంగతికి వస్తే, మీ ఉత్తరంలో “అక్కడికెళ్ళీ నాకు పొయ్యి తప్పేలా లేదు” అని ఒక వాక్యం ఉంది. అది కూడా అమ్మాయికి తెలియాలి. ఒక్క పూట, రాత్రి అన్నం మాత్రమే వండుతాను, మధ్యాహ్నం బయటే అని ముందే ఒప్పందం చేసుకోండి. మీవారికి షుగరు కాబట్టి తినే వేళలు తప్పకుండా, తిరిగేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండేలా చూసుకుంటే చాలు. ఆ రాత్రి అన్నంలోకి కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, పులిహోర ముద్ద ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది, మ్యూనిక్ విమానాశ్రయంలో పట్టుకుంటే పారేస్తారు. వెన్న అక్కడ బాగా దొరుకుతుంది, అమ్మాయి ఇంట్లో కాచుకోండి.

పోపు కూడా మ్యూనిక్‌లోనే వేయించి డబ్బాలో పోసుకుని ప్రాగ్‌కు తీసుకెళ్ళండి. స్టూడియోలో పొయ్యికీ పడకకీ మధ్య నాలుగు అడుగులే ఉంటుంది, పైన పొగను కనిపెట్టే యంత్రం ఉంటుంది. మా చెల్లెలు మూడో రోజున రసంలోకని రెండు ఎండుమిరపకాయలు నూనెలో వేసింది. అవి నల్లబడక ముందే కప్పు మీద ఆ గుండ్రటి డబ్బా కూయడం మొదలుపెట్టింది. నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే పక్క గదివాళ్ళు తలుపు తట్టారు. దుప్పట్లకు పట్టిన ఆ ఘాటు మేం ఖాళీ చేసే దాకా పోలేదు. అగరువత్తులు, దీపం కూడా అందుకే వద్దు. పొద్దున మీ పూజ మనసులోనే చేసుకోండి.

కుక్కర్ విషయం. అలాంటి గదుల్లో ఇండక్షన్ పొయ్యి ఉండవచ్చు. దాని మీద మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. మీ ఫ్రిజ్ తలుపుకు అంటించిన అయస్కాంతపు బొమ్మ ఒకటి తీసి, కుక్కర్ అడుగున పెట్టి చూడండి. అంటుకుంటే చిన్నది, మూడు లీటర్లలోపుది పెట్టెలో పెట్టుకోండి. జారిపోతే ఇంట్లోనే ఉంచి, అన్నం గంజి వార్చుకునే స్టీలు గిన్నె ఒకటి అమ్మాయి ఇంటి నుంచి తీసుకోండి, దానికీ అదే పరీక్ష. కుక్కర్ తీసుకెళ్ళినా తెల్లవారుజామున వాడకండి. చెక్ చట్టంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్ద వేళ. మీరు నాలుగున్నరకే లేస్తారని రాశారు. ఆ వేళకు లేస్తే, మీ తలుపు మీకు ఉంటుంది కాబట్టి, దుప్పటి కప్పుకుని కిటికీ దగ్గర కూర్చోండి. కాసేపట్లో తెల్లవారుతుంది. ఆరు కొట్టాక మీవారిని లేపి, ఇద్దరూ మెల్లగా వంతెన దాకా నడిచి వెళ్ళండి. ఆ వేళకు దాని మీద జనం చాలా తక్కువగా ఉంటారు. మీరు తిరిగి వచ్చేసరికి పిల్లలు లేస్తారు.